తిరిగి చెప్పే మాట

డ్యూటీ మారే ప్రతి సాయంత్రం మారీశ్వరి అక్కా నేనూ ఒక్కొక్క మంచం దగ్గర ఆగి, రోగి పేరునూ, ఇవ్వవలసిన మందునూ, ఇవ్వకూడని మందునూ పైకి చెప్పుకునేవాళ్లం. దిగే నర్సు చెప్పాలి. ఎక్కే నర్సు తిరిగి చెప్పాలి. తిరిగి చెబితేనే ఆ రోగి ఆమె చేతికి వచ్చినట్టు. ఇప్పుడు నేను ఎవరితోనూ అలా చెప్పుకోను.

అది 1998. తమిళనాడు కోవిల్‌పట్టిలో ఎనిమిది మంచాల చిన్న ఆసుపత్రి. మా ఇద్దరి ఇళ్లలోనూ మాట తెలుగు. రాత మాత్రం తమిళం. కాన్పులు ఎక్కువైన ఒకనాడు మంచాల దగ్గరకు వెళ్లే తీరిక లేక, మెట్ల మీదే చెప్పేశాను.

"అక్కా, నాలుగో మంచం సీనియమ్మాళ్‌కు డాక్టరు రాసిన సూది ఒద్దు. పోయినసారి ఊపిరాడలేదంట. తనే మన తెలుగు మాటలో నాతో చెప్పె."

"సరే పాపా, నేను చూసుకుంటా. నువ్వు బస్సు పట్టుకో పో."

మందుల పుస్తకంలో మాత్రం రాయలేదు. అక్కను కాన్పు గదికి పిలిచారు. పుస్తకం చూసి సూది వేసింది చెల్లమ్మాళ్ అనే మరో నర్సు. మేము మాట్లాడుకుంటున్నంతసేపూ ఆమె మా పక్కనే నిలబడి ఉంది. ఆమెకు తెలుగు రాదు.

సీనియమ్మాళ్ తిరిగి కళ్లు తెరవలేదు.

ఆమె చనిపోయిన పదహారో రోజు సాయంత్రం కరెంటు పోయింది. ఆ వారం దిగేది అక్క, ఎక్కేది నేను. లాంతరు పట్టుకుని మంచాల మధ్య నడిచాం. ఫినాయిలు వాసన, దాని అడుగున కమిలిన దూది వాసన. ఆమె చెబుతోంది, నేను తిరిగి చెబుతున్నాను. నాలుగో మంచం ఖాళీ. ఉదయం బిగించి పరచిన దుప్పటి నడుమ పల్లం పడి ఉంది. ఇద్దరమూ చూశాం. ఐదో మంచానికి కదిలాం.

ఎనిమిది మంచాలూ పూర్తయ్యాయి.

"తొమ్మిది..."

అక్క గొంతు కాదు. మా వెనుక నుంచి... మెల్లగా... మా ఇళ్లలో మాట్లాడే తెలుగు.

"తొమ్మిది. మారీశ్వరి. ఏమి ఇచ్చినా ప్రాణం నిలవదు."

ఆ గొంతు ఆగింది. ఎదురుచూస్తోంది.

అక్క నా మణికట్టు పట్టుకుంది. "తిరిగి చెప్పొద్దు పాపా... నా సామీ... చెప్పొద్దు."

ఆరేళ్ల అలవాటు. చెప్పాలని నేను అనుకోలేదు. నా నోరే...

"తొమ్మిది. మారీశ్వరి."

కరెంటు వచ్చింది. వెనుక గోడ తప్ప ఏమీ లేదు.

"ఇంటికి పోవద్దక్కా. ఈ రాత్రి నా దగ్గరే ఉండు. నీ కాళ్లు పట్టుకుంటా."

"ఉంటే పండేదానికి మంచమేదే? ఎనిమిదే గదా!" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. "విరుదునగర్‌లో బిడ్డ ఒంటిగా ఉంది పాపా."

గేటు వరకు వెళ్లాను. ఆమెను ప్రాణంతో చూడటం అదే కడసారి. సంచిలోంచి వేరుశెనగ మిఠాయి తీసి విరిచింది. ఒక ముక్క నాకిచ్చింది. ఒకటి తన నోట్లో వేసుకుంది. బిడ్డ బడి సంగతి చెబుతూనే, తల తిప్పకుండా, మూడో ముక్కను ఎడమ పక్కకు చాచింది. అక్కడ ఎవరూ లేరు. ముక్క కింద పడలేదు, ఆమె చెయ్యి ఖాళీగా వెనక్కి వచ్చింది.

ఇద్దరమూ మిఠాయి నములుతూ బస్సు కోసం నిలబడ్డాం.