అక్క దగ్గిన చోట

నన్ను అందరూ ముక్కు అనే పిలుస్తారు. గోడల్లో, పైకప్పుల్లో చచ్చిన ఎలుక ఎక్కడుందో వాసన పట్టి, సరిగ్గా అక్కడే పగలగొట్టి తీయడం నా పని. అలాంటివాడికి వైరస్ జ్వరమొచ్చి ముక్కే పనిచేయకుండా పోతే ఒళ్లు మండిపోదూ?

జలుబు చేసినా, తలకి దెబ్బ తగిలినా, ముక్కులో కండ పెరిగినా వాసన పోతుందట. నా విషయంలో మాత్రం వాసన నరాలకి ఆసరాగా ఉండే కణాల్ని ఆ వైరస్ పాడుచేసిందని డాక్టరు చెప్పాడు. మెల్లగా కోలుకోవచ్చు, రోజూ నిమ్మతొక్క, లవంగం వాసన చూస్తూ ఉండమన్నాడు. నెలల తరబడి చూశాను. కాగితం ముక్కని వాసన చూసినట్టే ఉండేది.

అలాగని ఇంట్లో చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదు నేను. మా అక్కని వెంటేసుకుని తిరగడం మొదలెట్టాను. అక్క హాస్టల్లో వంటమనిషి. మూత తీయకుండానే కూరలో ఉప్పు తక్కువైందని చెప్పేస్తుంది. ఆ ముక్కు మీదే ఆవిడ బతుకు. నేను గోడలు తడుముతూ పోజు కొడతాను, వాసన ఉన్న చోట అక్క దగ్గుతుంది, నేను సుత్తి ఎత్తుతాను. పేరు నీదీ, దగ్గు నాదీనా అని వెక్కిరించేది.

ఆ సాయంత్రం ఒకటే వాన. మేడ మీద వెనక గదిలో ఏదో కుళ్లిందని ఒక టీచరమ్మ కబురు పెడితే వెళ్లాం. ఆవిడ గది తలుపు దాకా వచ్చి ఆగిపోయింది. వాళ్ల అత్తగారు నాకొచ్చిన జ్వరంతోనే ఆ గదిలో పోయిందట. ఆఖర్లో ఏ వాసనా తెలియక, మనవరాలి తల వాసన కూడా తెలియడం లేదని ఏడ్చేదట. ఆ మాట చెప్పి గబగబా కిందికి దిగిపోయింది.

ఖాళీ మంచం. మూసిన కిటికీ. అంతలో కరెంటు పోయింది. టార్చి వేసి గోడలు తడుముతూ, అక్క ఎప్పుడు దగ్గుతుందా అని చూశాను. దగ్గలేదు. ఇక్కడ ఏ వాసనా లేదురా అని గొణిగింది.

అప్పుడు... నాకొచ్చింది.

తడిసిన దుప్పటి వాసన. దాని మీద ఛాతీకి రాసుకునే జలుబు మందు వాసన, ఘాటుగా. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. భయంతో కాదు, సంతోషంతో.

"అక్కా, వాసన వచ్చిందే," అన్నాను.

లేని వాసన నీకెలా వస్తుందిరా, పోదాం పద అని నా చెయ్యి పట్టుకుని లాగింది. విదిలించుకున్నాను. వాసన మంచం దగ్గర్నుంచి కదిలింది. గోడ వారగా... మూలకి. వెంటపడ్డాను. అది ఆగింది. నేనూ ఆగి గోడకి చెవి ఆనించాను.

లోపల ఎవరో ముక్కు ఎగబీలుస్తున్నారు. నెమ్మదిగా... నన్నే వాసన చూస్తున్నట్టు.

పారిపోవాలి కదా? ఎందుకు పారిపోవాలి? ఇన్నాళ్లకి దొరికింది, వదులుతానా?

"దెయ్యానివైతే నాకేంటి? నా ముక్కు నాకిచ్చేదాకా ఇక్కణ్నుంచి కదలను."

చప్పుడు ఆగింది. గోడలోంచి గుసగుస.

"నీది లేదు... ఎవరిది ఇవ్వమంటావు?"

"ఎవరిదైతే నాకేం, ఇచ్చెయ్," అని సుత్తితో ఒక్కటిచ్చాను. పెచ్చులు రాలాయి. వెనక ఇటుకలే. జలుబు మందు వాసన పోయింది.

వీధిలోకి వచ్చామో లేదో... తడిసిన మట్టి వాసన! పెట్రోలు! ఎవరింట్లోంచో సబ్బు! దారి పొడుగునా పిచ్చివాడిలా నవ్వుతూ నడిచాను. అక్క కొంగు తల మీద కప్పుకుని వెనకే వచ్చింది.

ఇంటికి రాగానే అక్క పాలు పొయ్యి మీద పెట్టింది. నేను తల తుడుచుకుంటుంటే మాడు వాసన. వంటింట్లోకి పరిగెత్తాను. పాలు అడుగంటి పొగ లేస్తోంది. పొయ్యికి వీపు పెట్టి నిలబడిన అక్క, నిమ్మచెక్కని మళ్లీ మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకుంటోంది.

"ఒరే, దీనికి వాసన లేదేంట్రా?"

ఎవరి ముక్కు తెచ్చుకున్నానో అప్పుడు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాను, ఆ వెంటనే ఎక్కడలేని కోపమొచ్చింది. పొయ్యి కట్టేసి సుత్తి అందుకున్నాను.

"పదక్కా, ఇప్పుడే వెనక్కి వెళ్దాం. నీది నీకు ఇప్పించకపోతే నన్నెవరూ ముక్కు అనక్కర్లేదు."

గుమ్మం దాటబోయి ఆగిపోయాను. వెళ్లక్కర్లేదు.

జలుబు మందు... తడిసిన దుప్పటి... మా వంటింటి గోడలోంచే.

అక్క నా పక్కనే ఉంది, రెండు చేతులతో నోరు మూసుకుని. గోడ లోపల ఎవరో దగ్గారు. అచ్చం అక్క దగ్గే.

దగ్గు వినిపించిన చోట పగలగొట్టడమే నా పని. సుత్తి ఎత్తాను.