లోకుర వంతెన మీద కాలిన ఫ్యూజు

లోకుర వంతెన మంచిది కాదని మా అచోలీ తెగ డ్రైవర్లలో తెలియనివాడు లేడు. ఒక వానాకాలం బడిపిల్లల బస్సు అక్కడ నదిలో పడింది. పిల్లలతో పాటు వాళ్ళ పంతులమ్మ కూడా పోయింది. అప్పటినుంచి రాత్రిపూట ఆ వంతెన ఎక్కే బండి ఏదైనా ముందు మూడుసార్లు హారన్ కొట్టాల్సిందే. పోయినవాళ్ళకు అదే దండం. కొట్టకుండా వెళ్ళినవాడు అవతలి గట్టు చేరడంటారు... అలా చేరనివాడెవడో నాకైతే ఎవరూ చెప్పలేదు.

మా తోటి డ్రైవరు ఒజారా ఎప్పుడూ కొట్టేవాడే. ఆ రాత్రీ కొట్టాడు.

వెనక సీట్లో అతని తల్లి ఎర్సిలా. ఆమె ఒళ్ళో అతని నాలుగేళ్ళ కూతురు అబేర్. భార్య నెలల పసివాడితో ఇంట్లోనే ఉండిపోయింది. మలేరియాతో పిల్ల ఒంట్లో రక్తమంతా అయిపోయిందనీ, తెల్లారేలోపు పట్నం ఆసుపత్రిలో ఎక్కించకపోతే దక్కదనీ ఊళ్ళో నర్సు తేల్చి చెప్పేసింది. దారిలో ఒకసారి ఫిట్స్ కూడా వచ్చాయి.

మూడో హారన్ పూర్తి కాలేదు—

టప్.

వంతెన మొదట్లోనే లైట్లు ఆరిపోయాయి. ఇంజిను ఆడుతూనే ఉంది. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. వంతెనకు రెయిలింగు లేదు. బస్సుతో పాటే పోయింది, మళ్ళీ కట్టిన పుణ్యాత్ముడు లేడు.

"వాళ్ళే..." అంది ఎర్సిలా గుసగుసగా. "వాళ్ళే ఆర్పేశారు నాయనా."

"ఫ్యూజు పోయుంటుందిలే అమ్మా. నువ్వు పిల్లని చూడు."

ఇంజిను ఆపి, తలుపు తెరిచి, నేలమీద మోకాళ్ళూని తలను స్టీరింగు కిందికి దూర్చాడు. ఫోను లైటు వేశాడు. చార్జింగు అడుగంటింది. మూత ఊడదీసి నీలం ఫ్యూజు లాగి వెలుతురుకి పట్టాడు. లోపలి సన్నని రేకు తెగి, నల్లగా మాడిపోయి ఉంది. హారన్ ఫ్యూజు పెట్టే హోల్డరు కాలిపోయినప్పుడు ఎవడో మెకానిక్కు లైట్లనీ హారన్‌నీ కలిపి ఆ ఒక్కదానికే తగిలించాడు. మూతలో అలాంటిదే ఇంకొకటి మిగిలి ఉంది. దాన్ని గుచ్చాడు.

లైట్లు వెలిగాయి! ఒజారా ప్రాణం లేచొచ్చింది.

"దండం సగంలో ఆగిపోయిందిరా," అంది తల్లి. "అంతకంటే అవమానం ఉందా? మళ్ళీ మొదట్నించీ కొట్టు."

నిజమే కాబోలు అనుకున్నాడు. బిడ్డ ప్రాణం మీదికొచ్చినప్పుడు ఎవరితోనూ తగువు పెట్టుకోలేం కదా. హారన్ మీద చెయ్యి వేశాడు—

టప్.

అప్పుడు తెలిసొచ్చింది. గతుకుల్లో హారన్ తీగ ఎక్కడో ఒరుసుకుపోయి ఇనుముకి తగులుతోంది. నొక్కినప్పుడల్లా ఫ్యూజు ఎగిరిపోతోంది.

"దెయ్యాలు కాదమ్మా... హారనే!"

"ఏదైతేనేం? కొట్టకుండా మాత్రం కదలకు. మన పిల్లని తీసుకుపోతారురా!"

ఇక మిగిలినవి ఎర్రవి, చిన్నవి. లైట్ల బరువు మోయలేవు. కాలిన ఫ్యూజుకి రాగి తీగ చుడదామా? అలా చుట్టిన తోటి డ్రైవరు బండి నడిరోడ్డు మీద తగలబడటం కళ్ళారా చూశాడు. అయినా తీగ కోసం తడిమాడు. ఇంతలో ఫోను ఆరిపోయింది.

వెనక పిల్ల కొట్టుకోవడం మొదలుపెట్టింది.

"అయ్యో, కళ్ళు తేలేస్తోందిరా... ఒజారా... ఏదో ఒకటి చెయ్యరా!"

ఏం చేస్తాడు? తలను స్టీరింగుకి కొట్టుకుని ఏడ్చేశాడు. నా బిడ్డ ఇక్కడే పోతుంది, ఈ చీకట్లోనే పోతుంది అనుకున్నాడు.

అప్పుడు... అతని అరచేతిలో ఒక చెయ్యి ఏదో పెట్టింది. చల్లని, తడి చెయ్యి. పిల్ల నుదుటికి తడిగుడ్డ వేస్తున్న అమ్మ చెయ్యి కదా అనుకున్నాడు. వేళ్ళతో తడిమాడు. ఫ్యూజు! సీటు కింద దొరికి ఉంటుంది.

"హారన్ కొట్టకు నాయనా..." అంది చిన్నగా ఒక గొంతు. "పిల్లలు నిద్రపోతున్నారు."

హమ్మయ్య, అమ్మ ఒప్పుకుంది! తడుముకుంటూ గుచ్చాడు. వెలుతురు వంతెన పొడవునా పరుచుకుంది. హారన్ జోలికి పోలేదు. ఊపిరి బిగబట్టి, మెల్లగా, అంచులు చూసుకుంటూ దాటించాడు. వెనక తల్లి ఏడుస్తూ ఏదో మొత్తుకుంటోంది, ఆ మాటలేవీ అతని చెవికెక్కలేదు. అవతలి గట్టు ఎక్కాక ఆపకుండా తోలాడు.

తెల్లవారేసరికి అబేర్ చేతికి రక్తం ఎక్కుతోంది. పిల్ల కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. ఒజారా మంచం పక్కనే కూలబడి తల్లి కాళ్ళు పట్టుకున్నాడు.

"నువ్వు ఆ ఫ్యూజు ఇవ్వకపోతే ఏమైపోయేవాళ్ళమమ్మా! హారన్ కొట్టొద్దని నువ్వే అన్నావు, అదీ మంచిదైంది."

ఎర్సిలా అతని వంక వింతగా చూసింది.

"నేనా? నా రెండు చేతులూ దీన్ని పట్టుకునే ఉన్నాయి కదరా. ఫ్యూజంటే ఎలా ఉంటుందో కూడా నాకు తెలీదు. కొట్టు, కొట్టు అని గట్టు దాటేదాకా మొత్తుకున్నాను. కొట్టొద్దని నేనెందుకంటాను?"

ఒజారాకి అప్పుడు గుర్తొచ్చింది. ఆ చెయ్యి వెనక సీట్లోంచి రాలేదు... తెరిచిన తలుపు అవతలినుంచి, నది వైపునుంచి వచ్చింది.