మగ్గం మీద పందెం

పొద్దున్నే గంజి వారుస్తూ చెంగమ్మ ఖాళీ మగ్గం గుంత వైపు చూసింది. అక్కడ ఉండింది తన నాయన ఇచ్చిన మగ్గం. నూలు కొనుక్కొస్తానని చెప్పి వెళ్లి, మొగుడు ఏకాంబరం దాన్ని పేకలో పోగొట్టుకొచ్చాడు. యుద్ధం ముగిసినా నగరిలో నూలుకు సర్కారు కంట్రోలు తీరలేదు. పనిలేని మొగవాళ్లకు పేకే పనయింది. ఇప్పుడిక మిగిలింది ఏకాంబరం మగ్గం ఒక్కటే.

"దాన్ని అదే పేకలో నేను లాక్కోవాల. పోతే ఎట్లుంటాదో ఆయనకూ తెలియాల," అంది తమ్ముడు ధనంజయతో.

ధనంజయ బర్మా యుద్ధం నుంచి వచ్చినవాడు. అతను తెచ్చిన పోకరు అనే పేకాటే వీధంతా అంటుకుంది కాబట్టి, ఆట నేర్పమంటే కాదనలేకపోయాడు. మనిషికి ఐదు ముక్కలు. జత కంటే మూడు రాజుల్లాంటి ఒకే రకం మూడు గొప్ప, దానికంటే ఐదూ ఒకే జాతి, అంటే అన్నీ ఇస్పేటో ఆటీనో అయితే గొప్ప. ఇదంతా ఆమెకు తొందరగానే వచ్చింది. ముఖమే మాట వినలేదు, మంచి ముక్క రాగానే వెలిగిపోయేది.

"ముక్కల్లేకున్నా ఉన్నట్టు కూసోవాలక్కా. ఆటంతా మొగంలోనే ఉండాది," అన్నాడు ధనంజయ.

ఆదివారం అత్త మునెమ్మ ఎదురుగానే మొగుణ్ణి ఆటకు పిలిచింది. తను గెలిస్తే మగ్గం తనది, ఓడితే పోయిన మగ్గం ఊసు ఇక ఎత్తదు. ఆడదానికి పేకేమిటని నవ్వుతూ కూర్చున్నాడు ఏకాంబరం.

చెంగమ్మకు జతైనా పడలేదు. అయినా పందెం పెంచింది. "ఇప్పుడు ముక్కలు పడేస్తే మగ్గమొకటే పోతాది. సూపించమంటే మటుకు, ఓడినోళ్లు ఈ ఇంట్లో ఉండకూడదు. నా కాడ ఐదూ ఒకే జాతి ఉండాయి మామా."

"నిజంగా ఉండాయా?"

"ఉండాయి."

ఏకాంబరం ఓటమి ఒప్పుకుని ముక్కలు పడేశాడు. మూడు రాజులు.

చెంగమ్మ ఇన్నాళ్లూ కాచుకున్నది దీనికోసమే. అత్తకు కనిపించేట్టు తన ముక్కలు ఒక్కొక్కటే తిప్పింది. మునెమ్మ నోరు నొక్కుకుంది. మొగుడు మండిపడతాడని చెంగమ్మ ఎదురుచూసింది. అతను తల వంచుకున్నాడు.

"నువ్వు ఉండాయంటే ఉండాయనుకుంటిని. పెండ్లయినకాడ్నించి నువ్వు నాకు అబద్ధం సెప్పింది లేదు. సెప్పిందంతా నేనే."

కసి తీరితే కడుపు చల్లబడుతుందనుకుంది చెంగమ్మ. ఏడుపు తన్నుకొచ్చింది.

"ఇంకమీద నేను సెప్తే నమ్మవా మామా?"

"నమ్ముతాను," అన్నాడు. "ఇంక పేక ముట్టనని నేను సెప్తే, నువ్వు నమ్ముతావా?"

చెంగమ్మకు నమ్మకం కలగలేదు. కళ్లు తుడుచుకుని, అతని ముఖంలోకే చూస్తూ, "నమ్ముతాను మామా," అంది.