పాన్‌లో కలిపిన మందు

1973 వానాకాలం. గోదావరిఖనిలోని డిటెక్టివ్ ఆఫీసు గదికి గడియ పెట్టాకే అనసూర్య కూర్చుంది. ఆరో నెల కడుపు మీద చెయ్యేసుకుని డిటెక్టివ్ ఉమామహేశ్వర్ వైపు చూసింది.

"ఎవలో నాకు విషం పెడ్తున్నరు సారూ. మా ఇంట్లనే."

ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు. భర్త సదయ్యకు బొగ్గుబావిలో పని. కిందటి నెల సోది చెప్పే సమ్మవ్వ అందరి ముందూ ఆమె కడుపు తడిమి, "మళ్ల ఆడపిల్లనే" అంది. ఆ తర్వాతే మెలిపెట్టే నొప్పులు, వాంతులు, నోట్లో పుండ్లు మొదలయ్యాయి.

"ఎవరి మీద అనుమానం?"

"మా అత్త మీద. దినాం తిడ్తది. గని ఇద్దరం ఒక్క కుండలనే తింటం. ఆమెకేం గాలే."

"నొప్పి రాని రోజులున్నాయా?"

"ఆయన డబుల్ డ్యూటీల ఉన్న దినాలు రాలే."

ఆమె వెళ్లాక సహాయకుడు నర్సింగం అన్నాడు: "అత్తే సార్, అనుమానం లేదు."

ఉమామహేశ్వర్ గొడుగు అందుకున్నాడు.

సాయంత్రం ఇద్దరూ సదయ్య క్వార్టర్‌కు వెళ్లారు. అత్త మల్లక్క మొహం తిప్పుకుంది. "తిట్టిన. సావాలని మాత్రం కోరుకోలే."

సదయ్య మర్యాదగా కుర్చీ వేశాడు. "దానికి తిండి సయిస్తలేదు సారు. డ్యూటీ దిగి వచ్చేటప్పుడు నేనే పాన్ తెస్త. నా కొడుకు బయటపడేదాక మంచిగ చూసుకోవాలె గద."

గూట్లో అప్పుడే తెచ్చిన పాన్ ఉంది. ఉమామహేశ్వర్ దాన్ని జేబులో వేసుకుని, బయటికొచ్చాక పరీక్షించమని డాక్టరుకు పంపాడు.

మర్నాడు అందరినీ అదే ఇంట్లో కూర్చోబెట్టాడు. సమ్మవ్వను కూడా పిలిపించాడు.

"ఆడపిల్ల అన్న మాట ఈ ఇంట్లో అందరూ నమ్మారు. అత్త తిట్టింది, కోడలు భయపడింది. సదయ్యా, నువ్వొక్కడివే 'నా కొడుకు' అన్నావు. ఆడపిల్లను మగపిల్లాడిగా మార్చే మందు దొరికిందనేగా? నువ్వు ఇంట్లో లేని రోజు పాన్ లేదు, నొప్పీ లేదు. అందులో పాదరసం ఉందని డాక్టరు చెప్పాడు. నోటి పుండ్లు దానివే."

సమ్మవ్వ లేవబోయింది. నర్సింగం గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"సంపాలనుకోలే సారు," అన్నాడు సదయ్య. "పాన్‌ల కలిపిస్తే కొడుకైతడని సమ్మవ్వనే ఆ మందిచ్చింది."

అనసూర్య అతన్నే చూసింది. "మందుకు నా పిల్ల సచ్చిపోతే ఏం జేస్తుంటివి?"



మల్లక్క లేచి కోడలి చెయ్యి పట్టుకుంది. "నడువు బిడ్డా, దవాఖానకు పోదాం."

దవాఖానలో డాక్టరు చాలాసేపు కడుపు మీద చెవి ఆనించి విన్నాడు. మల్లక్క ఆగలేకపోయింది. "ఆడో మగో నాకద్దు సారు. పానం ఉన్నదా?"

"ఉంది," అన్నాడు డాక్టరు.

సదయ్య బయట వానలో నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మని అతన్ని ఎవరూ పిలవలేదు.