బోర్డుకెక్కిన పేరు

బడి భూతద్దం ప్రజ్ఞ సంచిలోనే దొరికింది!

మధ్యాహ్నం బెల్లు కొట్టే ముందు, సైన్స్ పుస్తకం అట్టలోంచి జారి ఒళ్లో పడింది. 

మొన్న మానిటర్ హోదాలో తనే నల్లబల్ల మీద రాసింది: "భూతద్దం పోగొట్టింది ఆశ." ఆఖరున పట్టుకున్నది ఆశే కదా అనుకుంది. తన సంచి వెతకనైనా వెతకలేదు. రెండు రోజులుగా ఆ మరాఠీ బడి ఆరో తరగతి అంతా ఆశను "చోర్, చోర్" అంటోంది.

ప్రజ్ఞ చప్పుడు కాకుండా భూతద్దాన్ని తరగతి బీరువాలో పెట్టేసింది. నల్లా దగ్గర ఆశ చెవిలో, "సారీనే, నా దగ్గర్నే ఉండె," అంది.

ఆశ అన్నం డబ్బా తీసుకుని వేరే బెంచీకి వెళ్లిపోయింది. ఒకటో తరగతి నుంచీ ఇద్దరూ ఒకే డబ్బాలో తిన్నవాళ్లు!

"సారీ చెప్పిన గద తాతా! ఇంకేం గావాల్నట దానికి?" సాయంత్రం ఇంట్లో ప్రజ్ఞ విసుక్కుంది.

తాత రాయమల్లు ముప్పై ఏళ్లు ఇక్కడే, మహారాష్ట్ర బొగ్గుగనిలో పనిచేసినవాడు. "తప్పు ఏడ రాసినవ్?" అన్నాడు.

"బోర్డు మీద."

"సారీ ఏడ జెప్పినవ్?"

"నల్లా కాడ... దాని చెవుల."

తాత గోడ మీది ఫ్రేమ్ చూపించాడు. "సదువు."

పాత మరాఠీ కాగితం. రోజూ చూసేదే, ఎన్నడూ చదవలేదు. "రాయమల్లు... దోషముక్త. అంటే ఏంది తాతా?"

"ఎంక్వైరీ జేసిండ్రు, తప్పు నాది గాదని తేలింది, అని. గనిల దిగేటోళ్లకు నెత్తి లైట్లు నేనే ఇస్తుంటి. ఒకటి పోయింది. నేనే మాయం జేసిన్నని హాజరీ గదిల బోర్డు మీద నోటీసు అతికిచ్చిండ్రు. మూడు నెలలు తల దించుకొని తిరిగిన. ఆఖరికి లైటు రిపేరు గదిల దొరికింది. గని సాబ్ నన్ను లోపటికి పిలిచి, గీ కాయిదం కవర్ల పెట్టి ఇచ్చిండు."

"తీస్కున్నవా?"

"తీస్కోలే! 'సాబ్, నా పేరు బోర్డుకెక్కింది. గీ కాయిదం గూడ గాడనే ఎక్కాలె' అన్న. ఎక్కిచ్చిండు. మూడు షిఫ్టులోళ్లు సదివినంకనే ఇంటికి తెచ్చుకున్న."

చెబుతుంటేనే తాత నడుము నిటారైంది. మీసం మీద చెయ్యి పడింది.

మర్నాడు అందరికంటే ముందు ప్రజ్ఞ బోర్డు దగ్గరుంది. అదే బోర్డు, అదే మూల. సుద్దముక్క కిర్రుమంది. మరాఠీలో పెద్ద పెద్ద అక్షరాలు:

"ఆశ దోషముక్త. భూతద్దం నా సంచిలోనే దొరికింది. తప్పు నాది. ప్రజ్ఞ, మానిటర్."

"అరే, మానిటరే చోర్!" హరికృష్ణ అరిచాడు. క్లాసు గొల్లుమంది.

ప్రజ్ఞ చెవులు మండాయి. అయినా కదల్లేదు. బోర్డు మీద రాసింది గొంతెత్తి చదివింది. ఆఖరు బెంచీ దాకా వినబడేలా చదివింది.

సార్ వచ్చారు. డస్టర్ ఎత్తారు. చదివారు. డస్టర్ కింద పెట్టి, మిగిలిన సగం బోర్డు మీదే లెక్కలు మొదలుపెట్టారు.

ప్రజ్ఞ తలెత్తుకుని తన వరుసలోకి నడిచింది.

ఆశ తన సంచి పక్కకు జరిపి చోటిచ్చింది. "కూసో, మానిటర్," అంది. "ఇయ్యాల అమ్మ డబ్బాల సాబుదాణా ఖిచిడీ పెట్టింది."