మెట్లు పీకిన మాండలిన్

బూర్గంపాడులో మా ఇంటి ముందు గదిలో నేను హార్మోనియాలు, మాండలిన్లు బాగుచేసేవాణ్ణి. వెనక గదిలో మా ఆవిడ సర్వరీ బేగం బట్టలు కుట్టేది. ఎనభై నాలుగు వానాకాలంలో జైరాం వచ్చాడు. ఏన్కూరు దగ్గరి తండావాడు, ఫారెస్టు వాచరు. చంకలో వాళ్లన్న దేవ్లా మాండలిన్.

దేవ్లా పెళ్లిళ్లలో వాయిస్తుంటే జనం అన్నం మానేసి వినేవాళ్లు. ఆ ఎండాకాలంలో అన్నదమ్ములిద్దరూ చేపలకని గోదావరికి వెళ్లారు. తమ్ముడొక్కడే తిరిగొచ్చాడు. కాలుజారి పడ్డాడన్నాడు. శవం దొరకలేదు.

"మెట్లన్నీ మార్చు చాచా. ఒక్క పాతది గూడ ఉండొద్దు," అన్నాడు జైరాం.

మాండలిన్ మెడ మీద అడ్డంగా దిగగొట్టిన ఇత్తడి మెట్లకు, తీగ ఒత్తుకున్న చోటల్లా గుంటలు పడ్డాయి. దేవ్లా తీగను పక్కకు లాగి నొక్కేవాడు, అందుకే గుంటలన్నీ ఏటవాలుగా ఉన్నాయి. వాటిలో తీగ జిరజిరమనేది. ఆయన పాటలోని బొంగురు అదే. పాతవి పీకి కొత్తవి దిగగొట్టాను. ఆకురాయితో సమం చేసి, తీగలను ఎత్తిపట్టే బ్రిడ్జి జరిపి శ్రుతి కుదిర్చాను. మీటితే గాజుగ్లాసుకు చెంచా తగిలినట్టు మోగింది. బొంగురు పోయింది.

"ఇప్పుడు అన్న లెక్క లేదు," అని నవ్వాడు జైరాం. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

వారం తిరక్కుండానే మళ్లీ వచ్చాడు. సాయంత్రం. జోరువాన. కరెంటు లేదు.

"ఏం మెట్లు వేసినవ్ చాచా? అప్పుడే అరిగినయి."

లాంతరు దగ్గరికి జరిపి చూశాను. కొత్త ఇత్తడి మీద గుంటలు. ఏటవాలుగా.

"ఎవరు వాయిస్తున్నరు దీన్ని?"

"ఎవ్వరు లేరు. గోడకు తగిలేసి ఉంచిన."

"నీకు వాయించుడు రాదు. మరి మెట్లెందుకు మార్పించినవ్?"

అతను తలుపు వైపు చూశాడు. గొంతు తగ్గించాడు.

"అన్న పాట మోగుతది చాచా. దానంతట అదే. మెట్లు మారితే ఆగుతదనుకున్న. ఈసారి అన్నీ పీకెయ్. మెట్లే లేకుంటే పాటెట్ల వస్తది?"

అతన్ని ఓరకంట చూస్తూనే పట్టకారు అందుకున్నాను. తీగలు వదులు చేసి ఒక్కొక్క మెట్టే పీకాను. చివరిది ఊడేసరికి గదిలో ఏదో వాసన... వానది కాదు. ఏటి అడుగు బురద వాసన.

వదులు తీగ కదిలింది.

నేను ముట్టుకోలేదు.

మెట్లుంటే స్వరం ఒకదాని మీద ఆగి ఇంకోదాని మీదికి పోతుంది. ఇప్పుడు దానికి ఆగే చోటు లేదు. శబ్దం జారింది... సాగింది... మూలిగింది. పాట కాదది. మాట.

"జైరాం... చెయ్యి... వదలకు..."

పట్టకారు నా చేతిలోంచి జారిపోయింది.

"మెట్లు వెయ్యి చాచా!" జైరాం గోడకు అతుక్కుపోయి గుసగుసలాడాడు. "జల్దీ! మాట్లాడనియ్యకు!"

"మీ అన్నను ఏం చేసినవ్ రా?"

తీగ మళ్లీ మూలిగింది.

"ఎందుకు... వదిలినవ్..."

జైరాం తలుపు తోసుకుని వానలోకి పరుగెత్తాడు. ఆ క్షణమే శబ్దం తెగిపోయింది. వాసన కూడా పోయింది.

వెనక గది కిటికీ దగ్గర సర్వరీ బేగం నిలబడి ఉంది.

"జైరాం రేవు దిక్కు పోతున్నడేంది? ఆ చెయ్యి పట్టుకొని లాక్కపోయేటాయన ఎవరు?"

నేను వెళ్లి చూసేసరికి వాన తప్ప ఏమీ లేదు.

జైరాం మళ్లీ ఎవరికీ కనబడలేదు. పోలీసులొచ్చి అడిగితే, ఇద్దరు పోతుంటే చూశానని మా ఆవిడ చెప్పింది. ఒక్క మాట మాత్రం వాళ్లకు చెప్పలేదు. వాళ్లు వెళ్లాక, తలుపు వేసి, నా చెవిలో అంది.

"గంత వానల... ఆ రెండో ఆయన మీద ఒక్క చుక్క గూడ పడలేదు."