దుబాసి సొంత మాట

దుబాసి లిఫ్టులోకి నడుచుకుంటూ వెళ్ళాడు. పై అంతస్తులో తలుపు తెరుచుకునేసరికి నేల మీద పడి ఉన్నాడు. మెడ మీద దోమ కుట్టినంత గాటు. అంతే, మనిషి లేడు.

గంట తిరక్కుండానే ఏజెంట్ చిలక చీఫ్ ఎదుట కూర్చుంది. ఎవరి మాటనైనా నాలుగు భాషల్లో అప్పజెప్పగలదు కాబట్టి డిపార్ట్‌మెంట్‌లో ఆమెకు ఆ పేరు స్థిరపడిపోయింది.

"గబ్బిలం ముఠా పని," అన్నాడు చీఫ్. "పొరుగుదేశం మంత్రి ఇవాళ ఇక్కడ శాంతి ఒప్పందం మీద సంతకం పెడతాడు. పెట్టేలోపే లేపెయ్యాలని వాళ్ళ ప్లాన్. ఆయన పోతే యుద్ధమే. సభలో మాటలు తర్జుమా చెయ్యాల్సింది చచ్చినవాడే, వాడి సీట్లో నువ్వు కూర్చో."

"ఆయుధం?"

"తెలీదు. దుబాసీల బూత్‌లో నీ జోడీ మన మనిషే, ఏళ్ళ తరబడి ఇదే పని. హాల్లో హెడ్‌ఫోన్లన్నీ తనే చెక్ చేసింది. కోడ్, 'కుర్చీ కిర్రుమంటోందా?' జవాబు, 'నిన్ననే నూనె వేశారు.'"

బయటికి రాగానే ఫోన్ మోగింది. బాబాయి! ఆమెకు ఉద్యోగం వెతకడం తన జన్మహక్కు అనుకునే మనిషి.

"ఏమ్మా, భాషల డిగ్రీ చదివి ఏం బావుకున్నావు? ఎంతసేపూ ఒకళ్ళ మాట ఇంకొకళ్ళకి చేరెయ్యడమేగా! నీ సొంత మాటంటూ ఒక్కటైనా ఏడిసిందా?"

"మీటింగ్ ఉంది బాబాయ్."

చిలకకి ఒళ్ళు మండింది. కానీ ఆయన అన్నదాంట్లో అబద్ధమేముంది? బూత్‌లో దుబాసి "నేను" అంటే, ఆ నేను మైకు ముందున్న పెద్దమనిషే. తన నేనుని చెప్పులతో పాటు గడప బయట విడిచి రావాల్సిందే.

దొంగ కళ్ళద్దాలు, నెరిసిన విగ్గు పెట్టుకుని ఆమె బూత్‌లో అడుగుపెట్టింది. అద్దాల గది. రెండు కుర్చీలు, రెండు మైకులు. ఆకుపచ్చ సిల్కు గౌనులో జోడీ అప్పటికే కూర్చుని ఉంది. చూసినవాడు చూపు తిప్పుకోలేని అందం!

"కుర్చీ కిర్రుమంటోందా?"

"నిన్ననే నూనె వేశారు," అని నవ్విందామె.

సభ మొదలైంది. తొలి వంతు జోడీది. భాష గలగలా పారుతోంది, వంక పెట్టడానికి లేదు. అయినా చిలక చూపు ఒకచోట ఆగింది. జోడీ హెడ్‌ఫోన్ రెండు చెవుల్నీ మూసేసింది!

ఈ పనిలో పండినవాళ్ళెవరూ అలా పెట్టుకోరు. ఒక చెవి వక్తకి, ఒక చెవి తన గొంతుకి. లేకపోతే తానేం వాగుతోందో తనకే తెలీదు. యూనివర్సిటీలో మొదటి రోజే ప్రొఫెసర్ చెవి మెలేసినంత పని చేసి నేర్పిన పాఠమది. ఈ మనిషి జన్మలో బూత్ ఎక్కలేదు, కోడ్ ఎక్కడో కొట్టేసి వచ్చింది! మరి హాల్లో హెడ్‌ఫోన్లన్నీ ముట్టుకున్నది ఎవరు?

జోడీ లిప్‌స్టిక్ తీసింది. పెదాలకి కాదు, మైకుకి దగ్గరగా పెట్టింది.

చిలక ఆ మణికట్టు పట్టుకుంది. బల్ల కింద జోడీ పిస్తోలు తన పక్కటెముకలకి తగిలింది.

"లేటయింది చిలకా," అని మైకు కట్టేసి గుసగుసలాడింది జోడీ. "సిగ్నల్ ఆయన హెడ్‌ఫోన్‌కి చేరిపోయింది. పది లెక్కపెట్టుకో."

చిలక లెక్కపెట్టలేదు. పెన్ను మూత నొక్కి ఆమె తొడలో పొడిచింది. మత్తుసూది. పిస్తోలు జారింది, అందం బల్ల మీదికి ఒరిగింది.

అద్దం అవతల మంత్రి హెడ్‌ఫోన్‌తోనే, ఆగిపోయిన తర్జుమా కోసం చూస్తున్నాడు. పరుగెత్తితే అందదు. అరిస్తే వినపడదు. "తీసెయ్యండి" అంటే వక్త మాటే అనుకుంటాడు. చిలక తన మైకు నొక్కింది. ఆయన భాషలో నేర్చుకున్న మర్యాదలన్నీ గాలికొదిలేసి, తల్లి పిల్లాణ్ణి కసిరినట్టు కసిరింది:

"ఇది వక్త మాట కాదు! దుబాసిని, నేను చెబుతున్నా! చెవిదాన్ని తీసి అవతల పారెయ్!"

మంత్రి ఉలిక్కిపడ్డాడు. మారుమాట లేకుండా లాగి విసిరాడు.

ఢాం! గోడకి కుండంత బొక్క పడింది. పొగ విడిపోయాక మంత్రి చొక్కా దులుపుకుని, బూత్ వైపు తలవంచి, పెన్ను అడిగాడు. సంతకం అయింది. చిలకకి అప్పుడు ఏడుపొచ్చింది.

మళ్ళీ ఫోన్. "ఏం వెలగబెట్టావమ్మా ఇవాళ?"

"ఒక పెద్దాయనకి నా సొంత మాట చెప్పాను బాబాయ్."

"ఆయనేమన్నాడు?"

"ఏమీ అనలేదు. చెప్పగానే విన్నాడు."

"బయటివాళ్ళు అలాగే వింటార్లే," అన్నాడు బాబాయి. "అది సరే, బ్యాంకులో క్లర్కు పోస్టుందట. అప్లికేషన్ పెట్టేశాను."